పాఠం దిద్దిన చరిత్ర మాస్టారు – జూల్ ఇసాక్



తపస్కాలంలో మీ విచారణలో సిలువ మార్గం చేసేటప్పుడు ఎనిమిదవ స్థలం దగ్గర ఎప్పుడైనా ఒక్క క్షణం ఆగి ఆలోచించారా? ప్రభువును చూసి గుండెలు బాదుకుని ఏడ్చిన యెరూషలేము స్త్రీలను అక్కడ స్మరించుకుంటాం. ఆ స్త్రీలు ఎవరు? యూదులు. ఐదవ స్థలంలో సిలువ మోసిన సీమోనుది యూదు పేరు. పదమూడవ స్థలంలో ప్రభువు దేహాన్ని ఒడిలోకి తీసుకున్న తల్లి యూదు స్త్రీ. పద్నాలుగవ స్థలంలో తన సమాధిని ఇచ్చిన అరిమతయియ యోసేపు యూదుల న్యాయసభలో సభ్యుడు. ఆ సిలువ మీద ప్రాణం విడిచిన మన రక్షకుడు కూడా శరీరరీత్యా యూదుడే.

అయినా ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక పిల్లవాడు యేసును ఎవరు చంపారని అడిగితే, మనలో చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు ఒక్కటే. యూదులు చంపారని.

మన ఊళ్ళో యూదులు ఎవరున్నారు, ఈ మాట వల్ల ఎవరికి ఏం నష్టం అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఒక వృద్ధ చరిత్ర పంతులు తన చివరి ఇరవై ఏళ్ళూ ధారపోశారు. అంతకుముందే ఆ మాటకు ఆయన చెల్లించిన వెల చాలా పెద్దది. ఆయన పేరు జూల్ ఇసాక్. ఆయన క్రైస్తవుడు కాదు. అయినా ఈనాడు మన శ్రీసభ చేసే బోధలో ఒక పాఠం ఆయన చేతిమీదుగా దిద్దుబాటు అయింది.

సైనికుని ఇంట పుట్టిన పంతులు

జూల్ ఇసాక్ 1877 నవంబరు 18న ఫ్రాన్సు దేశంలోని రెన్ పట్టణంలో జన్మించారు. అబ్రహాము కుమారుడైన ఈసాకు పేరే ఆ కుటుంబానికి ఇంటిపేరు. తాత నెపోలియన్ సైన్యంలో పని చేశాడు. తండ్రి ఫ్రెంచి సైన్యంలో అధికారి. మతాచారాలు పెద్దగా పాటించకపోయినా దేశభక్తికి లోటులేని యూదు కుటుంబం అది. పదమూడేళ్ళ వయసులో, కొద్ది నెలల తేడాతో, తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని ఆ పిల్లవాడు హాస్టల్లో ఉండి చదువుకున్నాడు.

1897లో ఆయనకు షార్ల్ పెగీ అనే యువకునితో స్నేహం కుదిరింది. పెగీ తరువాతి కాలంలో కతోలిక విశ్వాసానికి తిరిగి వచ్చి ఫ్రాన్సు గర్వించే కవి అయ్యారు. ఆ రోజుల్లో ఫ్రాన్సును రెండుగా చీల్చిన వ్యవహారం ఒకటుంది. ఆల్ఫ్రెడ్ డ్రైఫస్ అనే యూదు సైనికాధికారిని 1894లో దేశద్రోహి అని శిక్షించారు. నేరం ఆయనది కాదని 1906లో న్యాయస్థానం తేల్చింది. ఈ మధ్య కాలంలో యూదులందరూ ద్రోహులేనని దేశమంతా విషం కక్కినవారు ఎందరో. సిగ్గుపడుతూ చెప్పుకోవలసిన మాట ఏమిటంటే, లా క్రువా అనే కతోలిక దినపత్రిక కూడా ఆ విషాన్ని పంచింది. నూరేళ్ళ తరువాత, 1998లో, ఆ పత్రిక తన తప్పును తానే ఒప్పుకుంది. ఇరవై ఏళ్ళ ఇసాక్, పెగీ ఆనాడే డ్రైఫస్ పక్షాన నిలబడ్డారు.

1902లో ఇసాక్ చరిత్ర అధ్యాపకునిగా అర్హత పొందారు. అదే సంవత్సరం లోర్ అనే యువతిని వివాహం చేసుకున్నారు. వారికి ముగ్గురు పిల్లలు. ఆల్బేర్ మాలె అనే మరో అధ్యాపకుడు మొదలుపెట్టిన చరిత్ర పాఠ్యపుస్తకాల పనిలో ఇసాక్ చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914లో పెగీ, 1915లో మాలె రణరంగంలో మరణించారు. ఇసాక్ కందకాల్లో పోరాడి, వెర్దున్ దగ్గర గాయపడి బతికి వచ్చారు. ఆ తరువాత పాఠ్యపుస్తకాల భారమంతా ఆయన మీదే పడింది. మాలె-ఇసాక్ పుస్తకాలు అంటే తెలియని ఫ్రెంచి పిల్లవాడు ఆ తరాల్లో లేడనే చెప్పాలి.

యుద్ధం చూసి వచ్చిన మనిషి కనుక ఆయనకు ఒక పట్టుదల ఏర్పడింది. ఫ్రెంచి పిల్లలకు జర్మనుల మీద, జర్మన్ పిల్లలకు ఫ్రెంచివారి మీద ద్వేషం నూరిపోసే పాఠాలు ఉండకూడదని ఆయన పాటుపడ్డారు. తరగతి గదిలో నాటిన విత్తనం ఇరవై ఏళ్ళకు యుద్ధరంగంలో పంటకొస్తుందని ఆయన ఎరుగుదురు. 1936లో ప్రభుత్వం ఆయన్ను ప్రభుత్వ విద్యాశాఖలో ఉన్నత పర్యవేక్షకునిగా నియమించింది.

1943 అక్టోబరు 7

1940లో హిట్లర్ సేనలకు ఫ్రాన్సు లొంగిపోయింది. విషీ పట్టణంలో ఏర్పడిన ప్రభుత్వం ఆ అక్టోబరులోనే యూదులను ఉద్యోగాల నుంచి తొలగించే చట్టం చేసింది. తాత, తండ్రి, తాను, మూడు తరాలుగా దేశానికి సైనిక సేవ చేసినా ఇసాక్ ఉద్యోగం ఒక్క కలంపోటుతో పోయింది. ఇసాక్ అనే ఇంటిపేరున్న మనిషి ఫ్రెంచి పిల్లలకు చరిత్ర చెప్పడమేమిటని విద్యామంత్రి బహిరంగంగానే ఈసడించాడు.

కుటుంబం ఊరు విడిచి ఊరు తిరుగుతూ తలదాచుకుంది. ఆ అజ్ఞాతవాసంలోనే, 1943లో, ఇసాక్‌కు ఒక ప్రశ్న పుట్టింది. నాజీలు క్రైస్తవులు కారు, క్రీస్తు బోధకు వారు శత్రువులు. కానీ రెండు వేల ఏళ్ళుగా క్రైస్తవ నాగరికత విలసిల్లిన ఐరోపాలో, పక్కింటి యూదుణ్ణి పట్టుకుపోతుంటే ఇంతమంది ఎందుకు చూస్తూ ఊరుకున్నారు? ఈ ఉదాసీనతను ఎవరు నేర్పారు? చరిత్రకారుడు కనుక ఆయన మూలగ్రంథాల దగ్గరకే వెళ్ళారు. నాలుగు సువిశేషాలను గ్రీకు భాషలో చదివి, వాటి పక్కన క్రైస్తవ పండితుల వ్యాఖ్యానాలు, సత్యోపదేశ పుస్తకాలు పెట్టుకుని పోల్చడం ప్రారంభించారు.

1943 అక్టోబరు 7న, మధ్య ఫ్రాన్సులోని రియోంలో తలదాచుకున్న రోజుల్లో, జర్మన్ పోలీసులు వచ్చారు. ఆ సమయానికి ఇసాక్ ఇంట్లో లేరు. భార్య లోర్‌ను, కుమార్తె జూలియెట్‌ను, అల్లుణ్ణి, ఒక కొడుకును పట్టుకుపోయారు. ఇసాక్ వయసు అప్పటికి 65. పారిస్ పక్కన ఉన్న ద్రాన్సీ నిర్బంధ శిబిరం నుంచి లోర్ భర్తకు ఒక చీటీ పంపగలిగింది. తమ కోసం జాగ్రత్తగా ఉండమని, మొదలుపెట్టిన పనిని పూర్తి చేయమని, లోకం దాని కోసం ఎదురుచూస్తున్నదని ఆమె అందులో కోరింది.

ఆమె మళ్ళీ కనిపించలేదు. లోర్, జూలియెట్ ఇద్దరినీ ఆష్విట్జ్ శిబిరంలో చంపేశారు. అల్లుడు కూడా నిర్బంధ శిబిరంలోనే మరణించాడు. కొడుకు ఒక్కడే తప్పించుకున్నాడు. ఫ్రాన్సు నుంచి సుమారు 76,000 మంది యూదులను ఇలా తరలిస్తే, తిరిగి వచ్చినవారు రెండున్నర వేల మంది. ఐరోపా మొత్తం మీద హతులైన యూదులు అరవై లక్షల మంది. వారిలో పసిపిల్లలు, బాలబాలికలే దాదాపు పదిహేను లక్షలు.

చీకటి మాత్రమే చెప్పి ఊరుకుంటే అది న్యాయం కాదు. తులూజ్ అగ్రపీఠాధిపతి సలియెజ్ గారు 1942 ఆగస్టులో, యూదులూ మన సోదరులేనని, వారిపట్ల జరుగుతున్నది పాపమని లేఖ రాసి తన విచారణల్లో చదివించారు. ఎందరో గురువులు, మఠకన్యలు, ప్రొటెస్టెంటు కాపరులు, పల్లెటూరి రైతులు యూదు పిల్లలను దాచి కాపాడారు. ఇసాక్ కూడా మిత్రుల ఇళ్ళలో దాక్కుని, చేతిపెట్టెలో రాతప్రతి మోసుకుంటూ, రాస్తూనే ఉన్నారు. ఇంటిదానికి ఇచ్చిన మాట అది.

సువిశేషాన్ని తిరిగి చదివిన యూదుడు

1948లో యేసు, ఇశ్రాయేలు అనే పేరుతో ఆయన గ్రంథం వెలువడింది. ఇసాక్ అనే పేరు ఉన్నందుకే హతులైన భార్యకూ కుమార్తెకూ దానిని అంకితమిచ్చారు. అందులో ఇరవై ఒక్క అంశాలు. క్రీస్తు మీద గానీ, సువిశేషం మీద గానీ అందులో పగ కనిపించదు. సువిశేషంలో ఏమున్నదో, మనవారు ఏం నేర్పారో పక్కపక్కన పెట్టి చూపడమే ఆయన చేసిన పని.

యేసు యూదుడు, ఆయన తల్లి యూదు స్త్రీ, అపోస్తలులు యూదులు. దీనిని కాదనేవారు లేరు, కానీ గుర్తుపెట్టుకుని బోధించేవారూ అరుదే. సామాన్య ప్రజలు ఆయన మాటలను సంతోషంగా విన్నారని మార్కు సువిశేషమే చెబుతుంది. మట్టల ఆదివారం ఎదురేగిన జనం ఎవరు? పండుగ వేళ పట్టుకుంటే ప్రజలు తిరగబడతారని భయపడి, పెద్దలు రాత్రివేళ రహస్యంగా ఎందుకు బంధించారు? ప్రజలంతా ఆయనకు విరోధులైతే ఆ భయం దేనికి? సిలువ శిక్ష రోమీయులది. తీర్పు చెప్పినవాడు రోమా అధికారి పిలాతు. అందుకే విశ్వాస సంగ్రహంలో మనం ప్రతి ఆదివారం పిలాతు పేరు పలుకుతాం. యూదు జాతి పేరు అక్కడ లేదు.

క్రీస్తును చంపినందుకు దేవుడు యూదులను దేశదేశాలకు చెదరగొట్టాడనేది మరో పాత మాట. క్రీస్తు పుట్టుకకు ఎన్నో తరాల ముందే బాబిలోనులో, అలెగ్జాండ్రియాలో, రోములో యూదులు స్థిరపడి ఉన్నారని ఇసాక్ చూపారు. అపోస్తలుల చర్యల గ్రంథం రెండవ అధ్యాయం చదవండి. పెంతెకోస్తు నాడు యెరూషలేములో ఎన్నెన్ని దేశాల యూదులు కలిశారో అక్కడే ఉంది.

మరి ఈ తప్పు మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి? క్రీ.శ. 386-387లో అంతియొకయ నగరంలో పునీత యోహాను క్రిసోస్తోము యూదుల మీద అతి కఠినమైన ప్రసంగాలు చేశారు. 1096లో సిలువ యుద్ధాలకు బయలుదేరిన మూకలు దారిలో రైన్ నదీతీరపు యూదులను ఊచకోత కోశాయి. 1215లో నాలుగవ లాతరన్ మహాసభ యూదులు వేరుగా కనిపించే దుస్తులు ధరించాలని శాసించింది. ఆ తరువాత దేశం వెంబడి దేశం వారిని వెళ్ళగొట్టింది. మన డెల్టా కాలువలు మీకు తెలుసు కదా. ఏ ఒక్క ఏడాది వండ్రూ కాలువను పూడ్చదు. ఏటా వేలెడు మందాన పేరుకుంటుంది. పూడిక తీయకుండా ఏళ్ళకేళ్ళు వదిలేస్తే నీరు గట్టు తెంచుకుంటుంది. ఒక్కొక్క ప్రసంగం, ఒక్కొక్క పాఠం అలా పేరుకుని యూదులంటే చులకన అనే పొర మందమైంది. ఈ పొరకు ఇసాక్ తృణీకార బోధ అని పేరు పెట్టారు. 1962లో వెలువడిన ఆయన చిన్న పుస్తకానికి అదే పేరు. నాజీల జాతి సిద్ధాంతం క్రైస్తవ బోధ కాదని ఆయనకు బాగా తెలుసు. కానీ ఆ విషపు మొక్క అంత ఏపుగా ఎదగడానికి నేలను సిద్ధం చేసింది శతాబ్దాల ఈ చులకనే అని ఆయన నిర్ధారణ.

రోముకు ప్రయాణం

పుస్తకం రాసి ఊరుకునే స్వభావం కాదు ఆయనది. పాఠం తప్పని తేలితే దాన్ని దిద్దించాలి. 1947 వేసవిలో స్విట్జర్లాండులోని సీలిస్‌బర్గ్‌లో యూదులు, కతోలికులు, ప్రొటెస్టెంట్లు సమావేశమయ్యారు. ఇసాక్ సిద్ధం చేసుకుని తెచ్చిన అంశాల ఆధారంగా, యూదుల గురించి క్రైస్తవులు ఎలా బోధించాలో పది సూత్రాలు రూపొందించారు. 1948లో ఫ్రాన్సులో యూదు-క్రైస్తవ స్నేహ సంఘాన్ని స్థాపించినవారిలో ఆయన ఒకరు.

మీలో వృద్ధులకు లాటిన్ ప్రార్థనల కాలం గుర్తుండవచ్చు. పవిత్ర శుక్రవారం నాడు అందరి కోసం వరుసగా ప్రార్థించేటప్పుడు ప్రతి ప్రార్థనకూ మోకరిల్లేవారు. యూదుల కోసం చేసే ఒక్క ప్రార్థనకు మాత్రం మోకరిల్లేవారు కాదు. అందులో యూదులను ద్రోహులు అన్నట్లు వినిపించే ఒక లాటిన్ విశేషణం ఉండేది. 1949 అక్టోబరులో ఇసాక్ పోపు 12వ పయస్ గారిని కలిసి ఈ విషయం విన్నవించుకున్నారు. 1955లో పవిత్ర వారపు ఆరాధన సంస్కరణలో ఆ ప్రార్థనకూ మోకరించే పద్ధతి తిరిగి వచ్చింది. 1959లో పోపు 23వ జాన్ గారు ఆ విశేషణాన్నే తొలగించారు.

ఈ 23వ జాన్ గారు యుద్ధకాలంలో ఇస్తాంబుల్‌లో పోపు ప్రతినిధిగా ఉండి, ఎందరో యూదుల ప్రాణరక్షణకు తోడ్పడినవారు. 1960 జూన్ 13న, 82 ఏళ్ళ ఇసాక్ ఆయన సమక్షానికి వెళ్ళారు. చేతిలో కాగితాల కట్ట. ఆ కాగితాల్లో ఆయన ఒక ముఖ్యమైన ఆధారం పెట్టారు. 16వ శతాబ్దపు త్రెంతు మహాసభ సత్యోపదేశమే క్రీస్తు మరణానికి కారణం పాపులమైన మనమందరమని, తెలిసీ పాపం చేసే క్రైస్తవుల దోషం యూదుల దోషం కంటే ఎక్కువని బోధించింది. అంటే ఆయన కొత్త బోధ ఏదీ అడగలేదు. శ్రీసభ తన సొంత బోధను గుర్తు చేసుకోవాలని మాత్రమే కోరారు. ఈ సంగతి పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించమని అర్థించారు. వెళ్ళబోతూ, కాస్త ఆశ పెట్టుకోవచ్చునా అని అడిగారట. ఆశ కంటే ఎక్కువే పెట్టుకునే హక్కు మీకుందని పోపు గారు సమాధానమిచ్చారట.

ఆ మాట వట్టిపోలేదు. ఆ సెప్టెంబరులోనే పోపు గారు కార్డినల్ బెయా గారికి ఆ పని అప్పగించారు. రెండవ వాటికన్ మహాసభలో ఎన్నో వాదోపవాదాలు, ఎన్నో అడ్డంకులు వచ్చాయి. ఫలితం చూడకుండానే 1963 జూన్‌లో 23వ జాన్ గారు, సెప్టెంబరులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ పట్టణంలో ఇసాక్ కన్నుమూశారు. 1965 అక్టోబరు 28న మహాసభ పితరులు నోస్త్రా ఏతాతే ప్రకటనను 2,221 ఓట్లతో ఆమోదించారు. వ్యతిరేకించినవారు 88 మంది. క్రీస్తు శ్రమల నేరాన్ని ఆనాటి యూదులందరి మీద గానీ, నేటి యూదుల మీద గానీ మోపరాదని, వారిని దేవుడు విడిచిపెట్టిన, శపించిన జాతిగా చూపరాదని, యూదు ద్వేషాన్ని శ్రీసభ ఖండిస్తున్నదని అందులో స్పష్టం చేశారు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశంలో ఈ బోధ 597, 598 అంశాల్లో ఉంది. మీ విచారణ గురువుల దగ్గర ఆ పుస్తకం ఉంటుంది. అడిగి చదవండి.

మన ఇంటి పాఠం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మన ఊళ్ళో యూదులు ఎవరున్నారు? మనకు మరీ దూరం కాని గుంటూరు జిల్లాలో, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తమను బెనె ఎఫ్రాయిం అని పిలుచుకుంటూ తెలుగు మాట్లాడే కుటుంబాలు విశ్రాంతి దినాన్నీ పస్కా పండుగనూ యూదుల రీతిలో ఆచరిస్తున్నాయి. అయితే వారు ఉన్నందువల్లనే ఈ పాఠం మనకు అవసరమని కాదు. వారు లేకపోయినా అవసరమే.

ఎందుకంటే, పుట్టుకను బట్టి మనిషిని చులకన చేయడం అంటే ఏమిటో ఐరోపా కతోలికుల కంటే మనకే ఎక్కువ తెలుసు. ఊరి చివర పేటల్లో పుట్టి, చెరువు నీటికీ, కాఫీ హోటల్లో గ్లాసుకూ వేరు చూపించుకున్న తాతముత్తాతలు మన విచారణల్లో ఎందరి ఇళ్ళలో లేరు? నువ్వు పుట్టుకతోనే తక్కువవాడివని మొదట కథల్లో చెప్పారు, తరువాత సామెతల్లో చెప్పారు, ఆ తరువాత అలవాటుగా చెప్పారు. చివరకు 1985లో కారంచేడు, 1991లో చుండూరు వచ్చాయి. కర్ర, గొడ్డలి చివరలో వస్తాయి. పాఠం ముందు వస్తుంది. జూల్ ఇసాక్ కనుగొన్నది సరిగ్గా ఇదే. తాము పడిన బాధను మరో జాతి మీద మాటగానైనా రుద్దే హక్కు మనకెక్కడిది?

ఇజ్రాయేలు దేశ ప్రభుత్వం చేసే పనుల మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. అది రాజకీయం, దాన్ని తప్పొప్పుల తక్కెడలో తూచవచ్చు. ఒక జాతిలో పుట్టిన పసిబిడ్డను కూడా దోషి అనడం వేరు. అది పాపం.

కనుక, తల్లిదండ్రులారా, ఉపదేశులారా, మీకు ఒక చిన్న విన్నపం. వచ్చే పవిత్ర శుక్రవారం మీ ఊరి కుర్రవాళ్ళు ప్రభువు శ్రమల నాటకం వేస్తే, యూదులను మాత్రమే రాక్షసుల్లా చూపించకండి. సీమోనుకూ, ఏడ్చిన స్త్రీలకూ, యోసేపుకూ కూడా చోటివ్వండి. యోహాను సువిశేషంలోని శ్రమల చరిత్ర చదివాక, అందులో యూదులు అన్న చోట చాలాసార్లు అర్థం ఆనాటి అధికారులేనని పిల్లలకు ఒక్క మాట చెప్పండి. యేసును ఎవరు చంపారని మీ బిడ్డ అడిగితే, నా పాపం, నీ పాపం, మనందరి పాపం అని చెప్పండి. శ్రీసభ బోధించే జవాబు అదే. ఆ జవాబు చెప్పిన తల్లి బిడ్డకు ఎవరినీ ద్వేషించడం నేర్పదు. పశ్చాత్తాపం నేర్పుతుంది.

వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసే పని మన డెల్టాలో ఏటా జరగవలసిందే. ఒక ఏడాది తీశాం కదా అని మరుసటి ఏడాది మానేస్తే పొలానికి నీరందదు. జూల్ ఇసాక్ తన వంతు తీసి వెళ్ళిపోయారు. మన ఇంటి ముందు కాలువ మనమే తీసుకోవాలి.